కొలిచే పరికరం స్ఫటికాల కొలిమిగా మారిన కథ

చిప్పులు తయారయ్యే సిలికాన్ పలకల్ని ఒక పెద్ద గుండ్రటి కడ్డీ నుంచి కోస్తారు. ఆ కడ్డీ మొత్తం ఒకే ఒక్క స్ఫటికం. ఈ కొస నుంచి ఆ కొస దాకా పరమాణువులు ఒకే వరుసలో, ఒకే దిశలో కూర్చుని ఉంటాయి. అలాంటి కడ్డీని అచ్చులో పోత పోసి తీయలేరు. పోత పోస్తే కరిగిన సిలికాన్ ఎక్కడికక్కడ గడ్డకట్టి, లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు అతుక్కున్న ముద్ద అవుతుంది. ఒక్కో అతుకు దగ్గరా విద్యుత్తుకు ఆటంకమే. అందుకే ద్రవంలోంచి కడ్డీని నెమ్మదిగా పైకి లాగుతారు. ఆ పని చేసే యంత్రం అసలు స్ఫటికాలు పెంచడానికి పుట్టలేదు. ఒక వేగాన్ని కొలవడానికి పుట్టింది. దాని జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది ఈ సంగతే.

1916లో బెర్లిన్‌లోని ఏఈజీ సంస్థలో యాన్ చోహ్రాల్‌స్కీ అనే పోలిష్ రసాయనవేత్త లోహాల మీద పనిచేస్తున్నాడు. ఒక సాయంత్రం ఏదో రాసుకుంటూ, పరధ్యానంగా కలాన్ని సిరాబుడ్డికి బదులు పక్కనే ఉన్న కరిగిన తగరం మూసలో ముంచాడని చెబుతారు. పైకి తీస్తే పాళీ కొసన సన్నటి లోహపు తీగ వేలాడుతోంది. మన వంటింట్లో బెల్లం పాకం కూడా తీగ సాగుతుంది. కానీ అది జిగురు వల్ల సాగేది. కరిగిన తగరంలో ఆ జిగురు లేదు. ద్రవం మట్టాన్ని దాటి పైకొచ్చిన కొద్దిపాటి లోహం అక్కడికక్కడే గడ్డకట్టి, తన కింద ఉన్నదాన్ని కూడా తన వరుసలోకే చేర్చుకుంటూ పోయింది. పరీక్షిస్తే ఆ తీగ ఏక స్ఫటికమని తేలింది.

ఇక్కడ ఆయన వేసుకున్న ప్రశ్న చాలా పదునైనది. తీగను ఎంత వేగంగా లాగొచ్చు? స్ఫటికం పెరిగే వేగం కన్నా లాగే వేగం ఎక్కువైతే తీగ ద్రవం నుంచి తెగిపోతుంది. అంటే తెగకుండా లాగగలిగిన గరిష్ఠ వేగమే ఆ లోహం స్ఫటికంగా మారే వేగం. పాళీ స్థానంలో సన్నటి గొట్టాన్ని, చేతి స్థానంలో సమవేగంతో పైకి లాగే ఏర్పాటును పెట్టాడు. తగరం, సీసం, జింకు కొలిచాడు. తగరానికి నిమిషానికి దాదాపు 90 మి.మీ. వచ్చింది. ఆ వ్యాసం 1918లో ఒక జర్మన్ భౌతిక రసాయన పత్రికలో అచ్చయింది. ఒక మి.మీ. మందం తీగల్ని ఒకటిన్నర మీటర్ల పొడవు దాకా లాగినా, ఆ రోజుల్లో వాటికి పరిశ్రమలో పెద్ద ఉపయోగం కనిపించలేదు.

చోహ్రాల్‌స్కీకి పేరు తెచ్చింది వేరే పని. రైలు బండ్ల బేరింగుల కోసం తగరం వాడని మిశ్రలోహం కనిపెట్టి 1924లో పేటెంటు తీసుకున్నాడు. స్వయంగా రసాయనవేత్త అయిన పోలండ్ అధ్యక్షుడు మోస్‌చీత్స్కీ పిలుపు మీద స్వదేశానికి వెళ్లి, వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం రసాయన విభాగంలో ఆచార్యుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, జర్మన్లతో చేతులు కలిపాడన్న ఆరోపణపై 1945లో నిర్బంధించి, ఆధారాలు లేక విడిచిపెట్టారు. విశ్వవిద్యాలయం మాత్రం ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. ఆయన సొంత ఊరు చేరి, ఇంటి వాడుక సరుకులూ సౌందర్య సాధనాలూ తయారుచేసే చిన్న సంస్థ నడిపి, 1953లో కన్నుమూశాడు. యుద్ధకాలంలో ఆయన పోలిష్ రహస్య సైన్యానికి సహకరించాడనే పత్రాలు దొరికాక, 2011లో అదే విశ్వవిద్యాలయం ఆయన గౌరవాన్ని పునరుద్ధరించింది. ఇంత పెద్ద అన్యాయాన్ని దిద్దడానికి అరవై ఏళ్లకు పైగా పట్టడం బాధ కలిగిస్తుంది.

యంత్రానికి రెండో జన్మ అమెరికాలో దక్కింది. బెల్ ప్రయోగశాలల్లో ట్రాన్సిస్టర్ వెలువడిన ఏడాదిలోపే, 1948లో, గోర్డన్ టీల్, జాన్ లిటిల్ కలిసి జర్మేనియం ఏక స్ఫటికాన్ని ఈ పద్ధతిలో లాగారు. ట్రాన్సిస్టర్ బృందానికి నాయకుడైన షాక్లీకి మొదట్లో అది అనవసరమనిపించింది. ముద్ద జర్మేనియం లోంచి మంచి ముక్క కోసుకుంటే చాలదా అన్నది ఆయన వైఖరి. టీల్ మాత్రం పరికరాన్ని చక్రాల మీద బిగించుకుని, రాత్రిళ్లు నడిపి, పొద్దున్నే పక్కకు నెట్టేసేవాడు. చివరికి ఫలితాలు చూసి షాక్లీ కూడా ఒప్పుకున్నాడు. టీల్ తరవాత టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు మారి, 1954లో సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను ప్రకటించాడు. అది వేడి నూనెలో ముంచినా పనిచేసింది, జర్మేనియం ట్రాన్సిస్టరేమో ఆగిపోయింది.

ఇప్పటి కొలిమిలో ఆర్గాన్ వాయువు మధ్య, స్వచ్ఛమైన క్వార్ట్జ్ మూసలో 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలికాన్ కరుగుతుంది. పైనుంచి పెన్సిలంత బీజ స్ఫటికం దిగి ద్రవాన్ని తాకుతుంది. బీజం ఒకవైపు, మూస మరోవైపు తిరుగుతూ ఉండగా, నిమిషానికి దాదాపు ఒక మి.మీ. చొప్పున లాగుతారు. వేడి ద్రవం తగలగానే బీజంలో పరమాణు వరుసలు కొన్నిచోట్ల చెదిరిపోతాయి, ఆ చెదురు కడ్డీలోకీ పాకుతుంది. దానికి 1950ల చివర్లో విలియం డాష్ చూపిన ఉపాయం చూడండి. మొదట కాసేపు వేగంగా లాగి, కొన్ని మి.మీ. మందమే ఉన్న మెడలా పెంచాలి. చెదిరిన గీతలు ఏటవాలుగా సాగి, ఆ సన్నటి మెడ అంచు దాటి బయటపడి ఆగిపోతాయి. ఆ తరవాతే కడ్డీని లావెక్కనిస్తారు. 300 మి.మీ. వ్యాసంతో వందల కిలోలు తూగే స్ఫటికం ఆ మెడ మీదే వేలాడుతుంది.

ఒక లోపం మాత్రం పోలేదు. మూస గోడ కొద్దికొద్దిగా కరిగి ఆక్సిజన్ స్ఫటికంలోకి చేరుతుంది. అది ఎక్కువైతే విద్యుత్ గుణాలు మారతాయి. కానీ తగినంత ఉంటే పలకకు గట్టితనం ఇస్తుంది, అక్కర్లేని లోహాల మాలిన్యాన్ని చిప్పుకు దూరంగా పట్టి ఉంచుతుంది. అందుకే ఇంజనీర్లు ఆక్సిజన్‌ను పూర్తిగా పోగొట్టాలని చూడకుండా, అయస్కాంత క్షేత్రంతో ద్రవం సుడుల్ని అదుపు చేస్తూ ఎంత కావాలో అంతే రానిస్తున్నారు.