చేపల తొట్టికి చలవయంత్రం

మే నెలలో ఒక మధ్యాహ్నం. ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఒక మిద్దె ఇంటి పై అంతస్తు అనుకోండి. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. ముందు గదిలో గాజు తొట్టి ఉన్నది. అందులోని చేపలు అడుగున తిరగటం మానేసి, అన్నీ నీటి పైకి వచ్చి, నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఆకలి వేసిందనుకుని పిల్లలు ఇంకొంచెం మేత వేస్తారు. పాపం, వాటికి కావలసింది మేత కాదు, ఊపిరి!

నీరు వేడెక్కితే చేపకు రెండు విధాల కష్టం. చేప నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువునే మొప్పలతో తీసుకుంటుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల దగ్గర అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఇది ఒక కష్టం. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి ఉంటుంది. నీరు వేడెక్కిన కొద్దీ దాని శరీరం తొందరగా పనిచేసి, ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. ఇది రెండవ కష్టం. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదన్నమాట!

మీరు హబ్సిగూడ నుంచి ఉప్పల్ పోయేటప్పుడు దారిలో సీసీఎంబీ అనే పెద్ద పరిశోధనశాలను చూసే ఉంటారు. అక్కడ శాస్త్రజ్ఞులు జీబ్రా చేపలను పెంచుతారు. ఇవి చారల చారల చిన్న చేపలు. మన దేశపు వాగుల్లోనివే. వీటి గుడ్డులోని పిల్ల గాజులాగా పారదర్శకంగా ఉంటుంది గనక, దాని గుండె కొట్టుకోవటం కూడా సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. ఆ పిల్ల ఏ గంటకు ఎంత పెరగాలో చెప్పే పట్టిక ఒకటి 1995లో వెలువడింది. అది 28.5 డిగ్రీల నీటికి వేసిన లెక్క. నీటి వేడి మారితే పెరుగుదల కూడా మారిపోతుంది. చేప జీవితంలో ఒక్కొక్క డిగ్రీకి ఎంత విలువ ఉన్నదో చూశారా?

మరి ఇంట్లో తొట్టిని చల్లబరచటం ఎట్లా? మొదటి ఉపాయం చవకైనది. నీటి మీదుగా చిన్న ఫాను తిప్పితే, కూజాలో నీరు చల్లబడినట్టే, నీరు ఆవిరవుతూ తొట్టి వేడిని కొంత తీసుకుపోతుంది. మన పొడి ఎండల్లో ఇది చాలా తొట్లకు సరిపోతుంది. తగ్గిన నీటిని మాత్రం రోజూ నింపుతూ ఉండాలి. అది చాలనప్పుడే చిల్లరు కావాలి. చిల్లరంటే కొట్టువాడు ఇచ్చే చిల్లర కాదు సుమా! ఇది చిన్న చలవయంత్రం. మోటారు తొట్టిలో నీటిని దీని కడుపులోకి తోస్తుంది. అక్కడి చల్లని చుట్టగొట్టం నీటి వేడిని లాక్కుంటుంది. చల్లబడిన నీరు మళ్ళీ తొట్టిలోకి వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చిల్లరును జాగ్రత్తగా ఎంచి కొని, మోటారును మాత్రం చేతికి దొరికినది తగిలిస్తారు.

ఒక లెక్క వేద్దాం. తొట్టి పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, నీటి లోతు 40. ఈ మూడింటినీ హెచ్చవేస్తే 162 లీటర్లు. రాళ్ళూ ఇసుకా పోను 150 లీటర్లు అనుకుందాం. చిల్లరు 250 వాట్ల వేడిని లాగగలదనుకుందాం. అంటే గంటకు 215 కిలో కెలోరీలు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచటానికి ఒక కిలో కెలోరీని తీసివేయాలి. 150 లీటర్లను 33 డిగ్రీల నుంచి 27కు దింపాలంటే 900 కిలో కెలోరీలు. అంటే నాలుగు గంటల పైచిలుకు పని. గది నుంచి వచ్చి చేరే వేడిని కూడా కలిపితే ఇంకా ఎక్కువ.

మోటారు గంటకు 600 లీటర్లు తోస్తే, నీరు చిల్లరులోకి ఒకసారి పోయి వచ్చేసరికి చల్లబడేది డిగ్రీలో మూడో వంతు మాత్రమే! గొట్టం దగ్గర వేలు పెట్టి చూస్తే తేడాయే తెలియదు. "యంత్రం పాడైంది" అని కొందరు కంగారు పడతారు. కాని తొట్టెడు నీరు గంటకు నాలుగు సార్లు అట్లా పోయి వస్తుంది గదా! ఉప్పల్ నుంచి నాచారానికి 40 మందిని చేర్చాలంటే, బస్సు పదేసి మందితో నాలుగు సార్లు తిరిగినా చేరేది 40 మందే.

అయితే నీటిని మెల్లగా పంపి, ఒక్కసారే బాగా చల్లబరచరాదా? రాదు. నీరు మరీ మెల్లగా పోతే చుట్టగొట్టం దగ్గరే చల్లబడి నిలుస్తుంది. చల్లని నీటి నుంచి వేడి లాగటం కష్టం. పైగా చాలా చిల్లర్లలో వేడిని కొలిచే సాధనం యంత్రం కడుపులోనే ఉంటుంది. అక్కడి నీరు చల్లబడగానే యంత్రం "నా పని అయిపోయింది" అని ఆగిపోతుంది. తొట్టిలో చేపలు మాత్రం వేడి నీళ్ళలోనే ఉంటాయి!

పోనీ, అన్నిటికన్నా పెద్ద మోటారు పెడితే? నీటిలో మునిగి పనిచేసే మోటారు తిన్న కరెంటు దాదాపు అంతా చివరకు నీటిలో వేడిగానే చేరుతుంది. 60 వాట్ల మోటారు పెడితే, 250 వాట్ల చిల్లరు పనిలో దాదాపు నాలుగో వంతు ఆ మోటారు వేడిని తీయటానికే సరి! 15 వాట్ల మోటారైతే ఆ నష్టం చాలా తక్కువ.

అందుచేత ప్రతి చిల్లరు మీదా నీటి వేగం ఎంత నుంచి ఎంత వరకు ఉండాలో రాసి ఉంటుంది. మన చిల్లరు మీద "గంటకు 400 నుంచి 800 లీటర్లు" అని ఉన్నదనుకుందాం. మరి 600 లీటర్ల మోటారు కొంటే సరిపోతుందా? తొందరపడకండి! మోటారు పెట్టె మీది అంకె, గొట్టాలూ ఎత్తూ లేనప్పటి లెక్క. ఇంటి సంపులోని మోటారు కింది బకెట్టును ఎంత త్వరగా నింపుతుందో, అదే మోటారు మూడో అంతస్తు టాంకులో ఎంత సన్నని ధార పోస్తుందో మీకు తెలుసు. చేపల మోటారుకూ అంతే. పెట్టె మీద "ఎత్తు 1.5 మీటర్లు" అని ఉంటే, ఆ ఎత్తున ఒక్క చుక్క కూడా పడదని అర్థం. తొట్టి కింద అరలో మరొక తొట్టి పెట్టి, అక్కడి నుంచి నీరెక్కించేటప్పుడు ఈ ఎత్తు అంతా లెక్కకు వస్తుంది. ఒకే తొట్టి నుంచి పోయి, నిండు గొట్టంలో అదే తొట్టిలోకి తిరిగి వచ్చే నీటికైతే ఎత్తు అంతగా అడ్డు కాదు. దిగే నీరు ఎక్కే నీటికి సాయం చేస్తుంది. అయినా గొట్టపు రాపిడి, వంపులు, చిల్లరు లోపలి ఇరుకు వేగాన్ని తగ్గించక మానవు.

ఇక అసలు వేగం తెలుసుకోవటానికి ఒక బకెట్టు, ఒక గడియారం చాలు. 10 లీటర్ల బకెట్టును స్టూలు మీద ఎత్తి పెట్టి, చిల్లరు నుంచి తిరిగి వచ్చే గొట్టం కొసను తొట్టి నీటి మట్టానికి సరిగ్గా పట్టి, బకెట్టులోకి వదలండి. కొస కిందికి దిగితే ధార ఎక్కువై లెక్క తప్పుతుంది. బకెట్టు 60 సెకన్లలో నిండితే గంటకు 600 లీటర్లు. 90 సెకన్లు పడితే 400. మన తొట్టికి 1000 లీటర్లు అని రాసిన మోటారు తెచ్చి, ఇట్లా కొలిస్తే 600 వచ్చిందనుకోండి, అదే సరైన మోటారు!

ఈ పని పెద్దలను పక్కన పెట్టుకుని చెయ్యాలి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసివెయ్యాలి. చిల్లరు తీసిన వేడిని గదిలోకే వదులుతుంది గనక, కిటికీ తెరిచి ఉంచాలి. చేపల మీద జాలితో మంచుగడ్డలు మాత్రం వేయకండి. నీరు హఠాత్తుగా చల్లబడితే అదీ వాటికి ప్రమాదమే.

సాయంత్రానికి చేపలు పై నుంచి దిగి, ఇసుకలో మూతులు పెట్టి వెతుక్కుంటూ తిరుగుతాయి. అప్పుడు వేయండి మేత, చిటికెడు మాత్రమే!