సెరిబ్రల్ పాల్సీ పిల్లల గురువులు

సెరిబ్రల్ పాల్సీని తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. పుట్టకముందు గాని, పుట్టేటప్పుడు గాని, పుట్టిన కొద్దికాలానికి గాని ఎదిగే మెదడు దెబ్బతింటే ఇది వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, ప్రాణవాయువు అందకపోవడం, తీవ్రమైన పసికామెర్లు ఇందుకు కొన్ని కారణాలు. ఇది అంటువ్యాధి కాదు. మెదడుకు తగిలిన దెబ్బ కాలంతోపాటు పెరగదు, పూర్తిగా నయమూ కాదు. కండరాలు బిగుసుకుపోతాయి లేదా అదుపు తప్పి కదులుతాయి. చాలామందికి మాట స్పష్టంగా రాదు.

మాట రాని బిడ్డకు తెలివి కూడా లేదనుకోవడం లోకంలో తరచు జరిగే పొరపాటు. కొందరిలో బుద్ధిమాంద్యం ఉండవచ్చు. కాని ఎందరో చక్కగా ఆలోచించగలరు, ఆ ఆలోచనను పైకి చెప్పలేరు. అది బయటికి వచ్చే దారి వెదికేవారే ఈ పిల్లల గురువులు. బొమ్మలు, అక్షరాలు ఉన్న పలకను ముందుంచి, బిడ్డ వేలితోనో కంటిచూపుతోనో జవాబు చూపేదాకా ఓపికగా ఆగుతారు.

అన్నం తినిపించడం కూడా నేర్చుకోవలసిన విద్యే. పడుకోబెట్టి పెడితే మెతుకు శ్వాసనాళంలోకి పోవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కు వాలకుండా పట్టి, ఒక ముద్ద మింగాకే మరో ముద్ద పెట్టాలి. తల్లులు, ఆయాలు రోజూ చేసే ఈ పనిని ఎవరూ గుర్తించరు.

మన దేశంలో ఈ విద్యకు బాట వేసినవారిలో మిథు అలూర్ ముఖ్యులు. ఆమె కుమార్తె మాలినీ చిబ్‌కు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. అలాంటి పిల్లల కోసం ఆమె 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించి బడి ప్రారంభించారు. 1989లో పద్మశ్రీ అందుకున్నారు. మాలిని సెయింట్ జేవియర్స్ కళాశాలలో పట్టా పొంది, లండన్‌లో రెండు మాస్టర్స్ డిగ్రీలు సాధించారు. ఒక్క వేలితో టైపు చేస్తూ ఆత్మకథ రాశారు.

1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు ప్రమాణాలు ఏర్పరచింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు.

ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం జరుపుకుంటాం. ఆనాటి శాలువాలు, సత్కారాలు మంచివే. వాటితోపాటు ఈ గురువులకు తగిన జీతం, తల్లులకు కాస్త విశ్రాంతి దొరకాలి. వారు తీర్చిదిద్దిన విద్యార్థి రేపు మీ తరగతికి రావచ్చు. అతను ఒక్క మాట చెప్పడానికి నిమిషం పడితే, ఆ నిమిషం ఆగి వినండి. ఆ గురువుకు మీరు చేయగల సన్మానం అదే.