అంగడి లెక్క, పుస్తకం లెక్క

618ని 6తో భాగిస్తే ఎంత? ప్రాథమిక తరగతుల వర్క్‌బుక్కుల్లో ఇలాంటి లెక్కకు తరచూ కనిపించే జవాబు 13. ఆరులో ఆరు ఒకసారి పోతుంది, పద్దెనిమిదిలో ఆరు మూడుసార్లు పోతుంది, ఒకటీ మూడూ పక్కపక్కన పెడితే పదమూడు. పదుల స్థానంలో ఉన్న ఒకటిలో ఆరు పోదు కాబట్టి అక్కడ సున్నా వేయాలన్న సంగతి జారిపోతుంది. సరైన జవాబు 103. అదే పిల్ల చేతికి 618 రూపాయలిచ్చి ఆరుగురికి సమంగా పంచమంటే, తలకు పదమూడు రూపాయలిచ్చి ఊరుకోదు. ముందు అందరికీ తలా ఒక వంద నోటు ఇచ్చేస్తుంది. మిగిలిన పద్దెనిమిదిని తర్వాత చూసుకుంటుంది.

చేతికి తెలిసిన లెక్క కాగితం మీదికి రాకపోవడం ఒక్క మన పిల్లల కథే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలను ముగ్గురు పరిశోధకులు గమనించి, 1985లో ఆ వివరాలు ప్రచురించారు. ఒక్కో కొబ్బరికాయ 35 క్రూజీరోలైతే నాలుగింటికి ఎంతని పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి అడిగారు. మూడు కాయలకు 105 అని వాడికి ముందే తెలుసు. దానికి 30 కలిపి 135, ఇంకో 5 కలిపి 140 అన్నాడు. తర్వాత అదే 35ను నాలుగుతో హెచ్చవేయమని కాగితమిస్తే 200 అని రాశాడు. నాలుగైదులు ఇరవై, చేతిలో రెండు. ఆ రెండును ముందే మూడుకు కలిపేసి, వచ్చిన ఐదును మళ్ళీ నాలుగుతో హెచ్చవేశాడు. ఆ పిల్లలు బజారులో చేసిన లెక్కల్లో 98 శాతం సరిపోయాయి. అవే లెక్కలు ఉత్త అంకెలుగా ఇచ్చినప్పుడు సరిగ్గా చేసినవి 37 శాతమే.

నలభై ఏళ్ళ తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను పరిశీలించి ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడా ఇదే తేలింది. దాంతోపాటు ఇంకో సంగతీ బయటపడింది. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు అంగడి లెక్క దగ్గర తడబడ్డారు. అంటే అడ్డుగోడ రెండు వైపుల నుంచీ ఉంది.

పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలోని ఇళ్ళకు ఈ సంగతితో దగ్గరి సంబంధం ఉంది. హనుమంతునిపాడు, కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళు వానకు మొహం వాచినవి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కునే ఇళ్ళు చాలా ఉన్నాయి. రోజుకు రెండు క్యాన్లయితే వారానికి ఎన్ని లీటర్లు, నెలకు ఎంత డబ్బు అన్నది ఇంటి ఇల్లాలికి నోటి లెక్క. మిరప కోత కూలి, కందుల బస్తా ధర, పొగాకు వేలంలో కిలోకు పలికిన రేటు, ఇవన్నీ హెచ్చవేతలూ భాగారాలే. పెద్దగా చదువుకోని అమ్మానాన్నలు ‘మాకు లెక్కలు రావు, పిల్లకేం చెబుతాం’ అంటుంటారు. ఆ మాట నిజం కాదు. వాళ్ళకు రానిది కాగితం మీద రాసే పద్ధతి మాత్రమే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పిల్లలకు 2020 నుంచి ఏటా సంచి, బూట్లు, యూనిఫాంతోపాటు పుస్తకాల కిట్టు ఉచితంగా అందుతోంది. పథకం పేరు మారింది కాని పంపిణీ సాగుతూనే ఉంది. ఒక పక్క తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు, రాసి నింపాల్సిన అభ్యాస పేజీలు అలా ఇంటికి చేరుతున్నాయి. పుస్తకం లేదన్న కొరత చాలావరకు తీరింది. అయినా పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదో తరగతి పిల్లలు దేశం మొత్తం మీద 2018లో 27.9 శాతం, 2022లో 25.6 శాతం, 2024లో 30.7 శాతం. కరోనా దెబ్బ నుంచి కోలుకుని ముందున్న స్థాయిని దాటారు, సంతోషమే. కాని పదిమందిలో ఏడుగురికి భాగారం ఇంకా అందలేదన్నది చిన్న విషయం కాదు.

లోపం కొంత పుస్తకాల అమరికలోనే ఉంది. పేజీ మీద ‘గుణకారాలు’ అని శీర్షిక, దాని కింద ఒకే రకం లెక్కలు ఇరవై. ఏం చేయాలో శీర్షికే చెప్పేసింది కాబట్టి పిల్ల ఆలోచించాల్సిన పని సగం తగ్గిపోయింది. పేజీ నిండా టిక్కులు పడతాయి, ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో వెల్లడించిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. వాళ్ళు కాలేజీ విద్యార్థులతో ఘనపరిమాణాల లెక్కలు చేయించారు. ఒక రకం పూర్తయ్యాక ఇంకో రకం చేసినవాళ్ళకు సాధన సమయంలో 89 శాతం సరిపోయాయి, అన్ని రకాలూ కలగలిపి చేసినవాళ్ళకు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్ళు 20 శాతానికి పడిపోయారు, రెండోవాళ్ళు 63 శాతం దగ్గర నిలిచారు. ఇంట్లో చేయగలిగిన మార్పు తేలికైనదే. ఒకే పేజీలో ఇరవై లెక్కలు చేయించే బదులు నాలుగు పేజీల నుంచి మూడేసి చొప్పున ఏరి ఇవ్వాలి. తప్పులు ఎక్కువే వస్తాయి. వాటిని చూసి బెదరకూడదు.

ఇంటి సాధనకు పేరుపడ్డ కుమోన్ పద్ధతి పుట్టింది కూడా ఒక తండ్రి చేతి కాగితాల్లోంచే. జపాన్‌లో లెక్కల ఉపాధ్యాయుడు తోరు కుమోన్ 1954లో రెండో తరగతి చదివే కొడుకు కోసం రోజూ కొన్ని లెక్కలు విడి కాగితాల మీద రాసి ఉంచేవాడు. పిల్లవాడు రోజూ కాసేపు కూర్చుని చేసేవాడు. ఆదివారం నాడు వారానికి సరిపడా రుద్దించడం కంటే, రోజూ పావుగంటే మేలని మరుపు మీద జరిగిన పరిశోధనలూ చెబుతున్నాయి.

ఎక్కాల దగ్గరా భయాన్ని తగ్గించవచ్చు. ఒకటి నుంచి పది వరకు ఎక్కాలంటే వంద లెక్కలు. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకు తొందరగా పట్టుబడతాయి. అవి తీసేస్తే 3, 4, 6, 7, 8, 9 మధ్య 36 మిగులుతాయి. ఏడెనిమిదులూ ఎనిమిదేడులూ ఒకటేనని తెలిసిన పిల్లకు వాటిలో నేర్వాల్సినవి 21 మాత్రమే. చింతపిక్కలను ఏడు వరసల్లో ఎనిమిదేసి పేర్చి, లేచి పక్కవైపు నుంచి చూడమంటే ఆ సంగతి కళ్ళకే కనిపిస్తుంది. మొదటి నుంచీ వల్లిస్తే తప్ప ఏడెనిమిదులు గుర్తురాని పిల్లను ‘యాభై ఆరులో ఏడులు ఎన్ని?’ అని వెనక నుంచి అడగాలి. అప్పుడు ఎక్కంలోంచే భాగారం బయటికొస్తుంది. చిత్తు పనికి పలక మంచిది. మార్కాపురం పలకలు తరతరాల పిల్లల చేత అక్షరాలు దిద్దించినవి. తప్పు రాస్తే తుడిచేయొచ్చు కాబట్టి పిల్ల ధైర్యంగా ప్రయత్నిస్తుంది. కాకపోతే తుడిచే ముందు ‘ఇది ఎట్లా వచ్చింది?’ అని ఒక్కసారి అడగాలి. చేతిలోని రెండు ఎక్కడ కలిసిందో, సున్నా ఎక్కడ జారిందో ఆ జవాబులో తెలుస్తుంది.

అమ్మకు చదువు రాకపోతే సరిచూసేదెవరు? దీనికి మన పాత గణితంలోనే ఒక దారి ఉంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. మహావీరుడు ఇచ్చిన గుణకారాల్లో కొన్నింటి జవాబులు దండలో పూసల్లా వస్తాయి. 152207ను 73తో హెచ్చవేస్తే 11111111. లెక్క తప్పితే దండ తెగినట్టు వెంటనే తెలిసిపోతుంది. చిన్న పిల్లలకు 37 చాలు. దాన్ని 3తో హెచ్చవేస్తే 111, 6తో 222, 9తో 333, అలా 27 దాకా పోతే 999. వాటినే తిప్పి 888ని 24తో భాగించమంటే మళ్ళీ 37 రావాలి. మూడు అంకెలూ ఒకేలా ఉన్నాయా అని చూడటానికి ఎక్కాలు రానక్కర్లేదు.

వర్క్‌బుక్కు సొంతంగా చెప్పలేనిది శేషం సంగతి. 26ను 6తో భాగిస్తే భాగఫలం 4, శేషం 2. అక్కడితో పేజీలో లెక్క అయిపోయింది. మిరప కోతకు 26 మంది కూలీలు బయలుదేరితే, ఆటోకు ఆరుగురు చొప్పున, నాలుగు ఆటోలు చాలవు, ఐదు కావాలి. 26 అడుగుల తాడును ఆరడుగుల ముక్కలుగా కోస్తే నాలుగు ముక్కలే పనికొస్తాయి, రెండడుగులు మిగిలిపోతాయి. 26 రొట్టెలు ఆరుగురికి పంచితే తలా నాలుగు పోను మిగిలిన రెండింటినీ ఒక్కోటి మూడు ముక్కలు చేయాలి. ఒకే భాగారానికి మూడు జవాబులు. ఇందులో ఏది ఎప్పుడో పిల్లకు చెప్పగలిగినవాళ్ళు పొలం నుంచి అప్పుడే ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్న అమ్మా నాన్నలే.