కిటికీలో రెండు తలకాయలు

ఇమేజ్ ప్రాసెసింగ్ మినీ ప్రాజెక్ట్ కోసం పాత ఫోటోలు వెతుకుతుంటే నాకో అంతిమయాత్ర దొరికింది. 1865 ఏప్రిల్ 25, న్యూయార్క్. అబ్రహాం లింకన్‌ది. ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లో నాటకం చూస్తుండగా ఆయన్ని కాల్చారు, మర్నాడు పొద్దున చనిపోయారు. శవపేటికను రైల్లో ఊరూరా ఆపుతూ స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకెళ్లారు. దారిలో న్యూయార్క్.

ఫోటోలో బ్రాడ్‌వే వీధి, జనం, ఒక పెద్ద ఇల్లు. ఆ ఇల్లు కార్నీలియస్ రూజ్‌వెల్ట్ అనే ధనవంతుడిది. పై అంతస్తు కిటికీలో రెండు చిన్న తలకాయలు కనిపిస్తాయి. అవి ఆయన మనవలు థియోడోర్, ఇలియట్‌లవి అంటారు. థియోడోర్‌కి అప్పుడు ఆరేళ్లు. 1901లో అమెరికా అధ్యక్షుడైంది ఆ పిల్లాడే.

ఇంకేముంది, జూమ్ చేశా. నా దగ్గరున్న స్కాన్‌లో ఒక్కో తల పట్టుమని పన్నెండు పిక్సెల్స్ లేదు. ఏఐ టూల్‌లో వేస్తే రెండు నిమిషాల్లో కళ్లు, ముక్కు, చిరునవ్వు అన్నీ వచ్చేశాయి! స్లైడ్‌లో పెట్టేశా. రివ్యూకి ముందు రోజు మా రూమ్మేట్ చూసి, "శవయాత్ర చూస్తూ ఈ నవ్వేంట్రా?" అన్నాడు.

నిజమే. ఆ టూల్ లక్షల మొహాలు చూసి నేర్చుకుంది. పన్నెండు పిక్సెల్స్ ఇస్తే, అలాంటి మచ్చకి ఎలాంటి మొహం సరిపోతుందో ఊహించి గీస్తుంది. అది థియోడోర్ మొహం కాదు, ఎవరి మొహమూ కాదు. ఆ కాలంలో గాజు పలకకి కొలోడియన్ పూసి, వెండి రసాయనంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసేవారు. కెమెరా ముందు ఎవరైనా కదిలితే అలికినట్టు పడేవారు. పలక మీద పడని వివరాన్ని నా ల్యాప్‌టాప్ ఎక్కడి నుంచి తెస్తుంది?

మరి వాళ్లే అని ఎలా చెప్తున్నారు? మొహం చూసి కాదు. ముందు ఇల్లు ఎవరిదో తేలింది. తర్వాత స్టెఫాన్ లొరాంట్ అనే రచయిత ఈ ఫోటోని థియోడోర్ భార్య ఈడిత్‌కి చూపించాడు. అవును, వాళ్లే అనుకుంటా అందావిడ. ఆ రోజు తనూ ఆ ఇంట్లోనే ఉందట. నల్ల గుడ్డలు చూసి భయపడి ఏడిస్తే వెనక గదిలో పెట్టి తాళం వేశారట. అప్పటికి ఆవిడకి మూడేళ్లు! అంత చిన్నప్పటి జ్ఞాపకం, అదీ ముసలితనంలో చెప్పింది. నాకైతే నమ్మాలనే ఉంది. కానీ రుజువు అనలేను.

స్లైడ్ మార్చేశా. ఏఐ మొహం తీసేసి, అసలు ఫోటోలోని మసక ముక్కనే పెట్టా. కింద "థియోడోర్ రూజ్‌వెల్ట్" అన్న చోట "అని అంటారు" చేర్చా. రివ్యూలో మేడమ్ అడిగారు, "అవుట్‌పుట్ ఏది?" అని. అదే అవుట్‌పుట్ అన్నా. రెండు మార్కులు పోయాయి.