పాటల పుస్తకమునకు రాణి యిచ్చిన పట్టా

మన సరిగమలు అక్షరములే గనుక వానిని అచ్చువేయుటకు వేరు సరంజామా అక్కరలేదు. ఇంగ్లీషువారి స్వరములట్లు గావు. అవి అయిదు గీతలమీద క్రిందుమీదుగా నిలుచు గుర్తులు. కావున పూర్వము గీతల తునకను, దానిపై స్వరచిహ్నమును కలిపి యొక్కొక్క సీసపు అచ్చుగా పోతపోసి, వరుసగా పేర్చి ముద్రించెడివారు. అతుకులకడ గీతలు తెగినట్లుండుట ఆ పుస్తకముల ఆనవాలు.

1575లో ఎలిజబెత్తు రాణి తన కొలువులోని విద్వాంసులగు టామస్ టాలిస్, విలియం బర్డ్ అనువారికి 21 ఏండ్లపాటు సంగీతము నచ్చువేయు హక్కును ధారపోసెను. గీతల కాగితముపైనను వారిదే యధికారము. వారు ఆ యేటనే 34 లాటిను కీర్తనలు ప్రకటించిరి. కొన్నవారు కొద్దిమంది. 1577లో తమకు 200 మార్కులకు తక్కువగాని నష్టము వచ్చెనని రాణికే మొరపెట్టుకొనిరి. పట్టా చేతనున్నంతనే పంట పండునా?

ఆ గడువు 1596లో తీరెను. మరుసటియేట జాన్ డౌలండు పాటల తొలిసంపుటము వెలువడి, పలుమారులు పునర్ముద్రణము పొందెను. అందు నాకు మిక్కిలి ముచ్చటైన దొకటి కలదు: పుస్తకమును బల్లపై విప్పియుంచినచో, చుట్టును కూర్చున్న నలుగురును ఎవరి పాఠమును వారు తమవైపునుండియే చూచి పాడవచ్చును.

రెండవ సంపుటము 1600లో అచ్చయ్యెను. డౌలండు అప్పుడు డెన్మార్కు రాజు కొలువున నుండెను. ఇంటికడనున్న భార్య వ్రాతప్రతిని 20 పౌనులకు అమ్మెను. కొన్నవాడు 1000 ప్రతులు వేయించెను. హక్కు అప్పటికి టామస్ మోర్లీ వశమైనందున ఆయనకును రుసుము చెల్లింపవలసివచ్చెను. పిదప అచ్చుకూటమున లెక్కకు మించిన ప్రతులు పడినవని ప్రకాశకుడును ముద్రాపకుడును న్యాయస్థానమున కెక్కిరి. పాట కట్టినవాడు మాత్రము సముద్రమున కావలనే యుండెను.