మొహల్లా రూపు చెడకుండా ఇల్లు కట్టుకోవడం ఎలా? రూల్స్ ఏమంటున్నాయి, మన చేతిలో ఏముంది

టోలిచౌకి, సైదాబాద్, సంతోష్‌నగర్, మలక్‌పేట... హైదరాబాద్‌లో మన కుటుంబాలు ఎక్కువగా ఉండే ఈ పాత కాలనీల్లో ఇప్పుడు ఏ గల్లీలోకి వెళ్ళినా ఒకటే దృశ్యం. ఒకవైపు చిన్న సెహన్, వేపచెట్టు, ముందు చబుత్రా ఉన్న పాత ఇల్లు. దాని పక్కనే గోడకు గోడ ఆనించి లేచిన అయిదంతస్తుల బిల్డింగు. కింద పార్కింగు చాలక రోడ్డు మీదికొచ్చిన బండ్లు.

ఇందులో ఎవరినీ పూర్తిగా తప్పు పట్టలేం. అబ్బా కట్టిన 200 గజాల ఇంట్లో ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు ఉండాలి. దూరంగా స్థలం కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నా మసీదు, మదర్సా, చుట్టాలు అందరినీ వదిలి వెళ్ళబుద్ధి కాదు. అందుకే పైకి కడతారు. కానీ అందరూ ఇలాగే కట్టుకుంటూ పోతే, ఏ మొహల్లాని వదల్లేక అక్కడే ఉండిపోయామో ఆ మొహల్లానే మిగలదు. అసలు సమస్య ఇది.

దీని మీద రూల్స్ ఏమంటున్నాయి, కోర్టులు ఏమన్నాయి, కాలనీ వాళ్ళు ఏం చేయొచ్చు అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

రూపు అంటే ఏంటి?

కాలనీ రూపు అనగానే పాత కమాన్లు, నగిషీలు గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ ప్లానింగ్ భాషలో రూపు అంటే ఇంతకంటే మామూలు విషయాలు. ఇంటికీ రోడ్డుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? ఇళ్ళ ఎత్తు దాదాపు ఒకే తీరుగా ఉందా? కాంపౌండ్ గోడ ఎంత ఎత్తు? చెట్లు ఎక్కడున్నాయి? మధ్యాహ్నం మూడింటికి గల్లీలో నీడ ఉంటుందా? పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలం ఏది? జనాజా వెళ్ళాలన్నా అంబులెన్స్ రావాలన్నా దారి ఉందా?

ఇంగ్లండులో 1967 చట్టం నుంచి ఇలాంటి ప్రాంతాలను 'కన్జర్వేషన్ ఏరియా'లుగా గుర్తించే పద్ధతి ఉంది. అక్కడ ఒక్కో ప్రాంతం గురించి ముందు ఇలాంటి వివరాలే రాసి పెడతారు. కొత్తగా కట్టేది వాటికి సరిపోతుందా లేదా అని చూస్తారు. ఏదీ కట్టొద్దని కాదు, చుట్టుపక్కల చూసి కట్టమని దాని అర్థం.

మన కాలనీలకు అలాంటి కాలనీవారీ పత్రం ఏదీ ఉండదు. ఉన్నది నగరం మొత్తానికి ఒకే బిల్డింగ్ రూల్స్. కాబట్టి ముందు వాటిని అర్థం చేసుకోవాలి.

200 గజాల లెక్క

2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలనే పరిమితి, పోయింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఎంత కట్టొచ్చనేది ఇప్పుడు మూడు విషయాల మీద ఆధారపడుతుంది: స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్. అంటే మన కాలనీలో గాలీ వెలుతురూ నిలబడేది ఈ సెట్‌బ్యాక్ మీదనే.

ఒక లెక్క వేసి చూద్దాం. 30 అడుగులకు 60 అడుగుల ప్లాటు అంటే 200 గజాలు, దాదాపు 167 చదరపు మీటర్లు. జీవో 168 పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు ఎత్తు 10 మీటర్లు, అంటే మూడంతస్తులు. ముందు రోడ్డు 12 మీటర్ల లోపు అయితే ముందువైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అలా వదిలితే అంతస్తుకు సుమారు 1,210 చదరపు అడుగులు వస్తుంది. మూడంతస్తులకు 3,630.

ఇప్పుడు ఏమీ వదలకుండా గోడకు గోడ ఆనించి అయిదంతస్తులు వేస్తే? అంతస్తుకు 1,800, మొత్తం 9,000 చదరపు అడుగులు. తేడా 5,370. అద్దె అడుగుకు 15 రూపాయలే అనుకున్నా నెలకు 80 వేలు దాటుతుంది. ఆశ ఎక్కడి నుంచి పుడుతుందో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది.

కానీ ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. గల్లీలో 20 ఇళ్ళున్నాయనుకోండి. ఇంటికో కుటుంబం అనుకుని డ్రైనేజీ పైపు వేశారు. అన్నీ అయిదంతస్తులై అంతస్తుకు రెండు ఫ్లాట్లు పడితే 200 కుటుంబాలు. పైపు మాత్రం అదే, రోడ్డూ అదే. బోరు నీళ్ళు ఇంకా కిందికి పోతాయి. పొంగిన మ్యాన్‌హోలు, ఎండాకాలం ట్యాంకర్ ఖర్చు, పార్కింగ్ గొడవ... ఇవన్నీ ఆ 80 వేల ఖర్చే. కాకపోతే అద్దె ఒకరి జేబులోకి పోతుంది, ఖర్చు మొత్తం గల్లీ మీద పడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళకు 2017లో వచ్చిన బిల్డింగ్ రూల్స్ వర్తిస్తాయి. పద్ధతి ఇలాంటిదే గానీ అంకెలు మీ మున్సిపాలిటీలోనే చూసుకోవాలి.

పర్మిషన్ సులువైంది, బాధ్యత మన మీదికొచ్చింది

తెలంగాణలో టీజీ-బీపాస్ 2020 నవంబర్‌లో మొదలైంది. అప్పట్లో దీని పేరు టీఎస్-బీపాస్. 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ లేదా జీ ప్లస్ వన్ ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయితో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు.

సామాన్యుడికి ఇది నిజంగా మేలు. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గింది. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే 'నేను రూల్ ప్రకారమే కడతాను' అని మనమే రాసిచ్చినట్టు. మాట తప్పి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలో ఉంది.

'కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేసుకుందాం' అనే మాట మేస్త్రీ నోట తరచూ వినిపిస్తుంది. 2015 బీఆర్‌ఎస్ స్కీమును నమ్ముకున్న చాలామంది దరఖాస్తులు హైకోర్టు కేసుతో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. స్కీము వస్తుందనే ఆశ మీద పిల్లల సొమ్ము పెట్టకండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని ఇంటిని రేపు పంచుకోవాలన్నా, అమ్మాలన్నా, బ్యాంకు లోను కావాలన్నా చిక్కే.

హెరిటేజ్ చట్టం మన గల్లీని కాపాడుతుందా?

చాలావరకు కాపాడదు. హైదరాబాద్‌లో 1995 నుంచి 'రెగ్యులేషన్ 13' కింద హెరిటేజ్ కట్టడాల జాబితా ఉండేది. కొన్ని రాతిగుట్టలను కూడా అందులో చేర్చారు. 2015 చివర్లో ఆ రెగ్యులేషన్ తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, అదే ఏడాది సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అంటే పెద్ద కట్టడాలకు కొంత రక్షణ ఉంది. మామూలు కాలనీ ఇంటికి ఆ రక్షణ రాదు.

ఒక మినహాయింపు ఉంది. గోల్కొండ కోట, చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ఉండేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో ప్రత్యేక అనుమతి తప్పనిసరి. అక్కడ స్థలం కొనేముందే ఈ సంగతి అడగండి.

కోర్టులు ఏమన్నాయి?

పక్కవాళ్ళు కడుతుంటే అడిగే హక్కు మనకుందా అని చాలామందికి సందేహం. ఉంది. 1974లో ఉడుపి కేసు చూడండి. ఇళ్ళ మధ్య కల్యాణ మంటపం, ఉపన్యాస హాలు కోసమని తీసుకున్న అనుమతి సినిమా హాలుగా మారింది. ప్లానుకు విరుద్ధంగా అనుమతిస్తే అక్కడ నివసించేవాళ్ళు ప్రశ్నించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 1991లో బెంగళూరు కేసులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, కాలనీవాళ్ళే కోర్టుకెళ్ళి నిలబెట్టుకున్నారు.

2023 జనవరిలో వచ్చిన చండీగఢ్ తీర్పు మన పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒకే కుటుంబం కోసం కట్టిన ఇళ్ళను అంతస్తుల వారీగా అపార్ట్‌మెంట్లుగా మార్చడం అక్కడ 1 నుంచి 30 వరకు ఉన్న సెక్టార్లలో కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నగరానికి ప్రత్యేక రూల్స్ ఉన్నాయి కాబట్టి అది మనకు నేరుగా వర్తించదు. కానీ కాలనీ తీరు అనేది కోర్టులు పట్టించుకునే విషయమేనని దాంతో స్పష్టమైంది.

కిటికీ, పర్దా సంగతి

మన ఇళ్ళలో అసలు గొడవ చాలాసార్లు ఎత్తు గురించి కాదు, కిటికీ గురించి. పక్కింటి మూడో అంతస్తు బాల్కనీ నుంచి మన సెహన్ మొత్తం కనిపిస్తే, ఆడవాళ్ళు బట్టలు ఆరేయడానికి కూడా బయటికి రాలేరు. ఇది చిన్న విషయం కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో సెక్షన్ 18 దగ్గర ఇచ్చిన ఉదాహరణల్లోనే ఇది ఉంది. ఊరి ఆచారం ఉంటే, పొరుగువారి మరుగును దెబ్బతీసేలా కొత్త కిటికీ తెరవకూడదని. 1888లో అలహాబాద్ హైకోర్టు కూడా ఇలాంటి ఆచారాన్ని గుర్తించింది. కాకపోతే ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాల్సింది మనమే. కోర్టు దాకా పోయేకంటే ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే మాట్లాడుకుంటే సగం గొడవ తగ్గుతుంది. హమ్‌సాయా హఖ్ అని మన పెద్దలు చెప్పేది ఇలాంటి చోటే పనికొస్తుంది.

కాలనీ ఏం చేయొచ్చు?

ఒకటి, లేఅవుట్ కాపీ తెచ్చుకోండి. మున్సిపల్ ఆఫీసులోగానీ, సమాచార హక్కు కింద గానీ అడగొచ్చు. పార్కు ఎక్కడ, రోడ్డు ఎంత వెడల్పు అనేది కాగితం మీద ఉంటేనే రేపు నిలబెట్టుకోగలం. పార్కు స్థలం ఖాళీగా పడి ఉంటే ముందు దానికి కంచె, నాలుగు మొక్కలు పెట్టించండి.

రెండు, గల్లీ మొత్తం ఒకసారి నడిచి రాసుకోండి. ఎన్ని చెట్లు, ఇళ్ళ ఎత్తు ఎంత, నీళ్ళు నిలిచే చోటు ఏది. చదువుకున్న పిల్లలకు ఈ పని అప్పగించండి. ఫోనులో ఫోటోలు చాలు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్నది కూడా అందరికీ చెప్పండి.

మూడు, ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. కొత్తగా కట్టేవాళ్ళు ప్లాను పక్కింటివాళ్ళకు చూపిస్తారు, సెట్‌బ్యాక్ వదులుతారు, పక్కింటి సెహన్ వైపు కిటికీ ఎత్తులో పెడతారు లేదా జాలీ వేస్తారు, ఇసుక కంకర రోడ్డు మీద వేయరు. దీనికి చట్టబలం ఉండదు. అయినా నలుగురి ముందు ఒప్పుకున్న మాటకు ఎంతో కొంత విలువ ఉంటుంది.

నాలుగు, నోటీసులు గమనించండి. ఇళ్ళ జోన్‌ను కమర్షియల్‌గా మార్చే ముందు ప్రభుత్వం అభ్యంతరాలు అడుగుతుంది. గడువు సాధారణంగా 15 రోజులే. ఒక్కొక్కరు కాకుండా కాలనీ పేరు మీద సంతకాలతో రాసివ్వండి. హెచ్‌ఎండీఏ ప్లాను 2031 దాకా చూసి వేసింది. తర్వాతి ప్లాను ముసాయిదా వచ్చినప్పుడు మన కాలనీ మాట అందులో ఉండాలంటే ఇప్పటి నుంచే కాగితాలు సిద్ధంగా ఉండాలి.

అయిదు, కుటుంబంలో వాటాల దగ్గరే ఆలోచించండి. ముగ్గురన్నదమ్ములకు మూడంతస్తులు రూల్ లోపలే సరిపోతాయి. అప్పుడు వెనక ఇంకుడు గుంత, ముందు ఒక చెట్టు పెట్టుకోవచ్చు. పై అంతస్తు ముందు భాగం కాస్త వెనక్కి జరిపితే రోడ్డు మీదికి ఎండ వస్తుంది, అమ్మీకి కూర్చోవడానికి ఓ చిన్న సెహన్ కూడా మిగులుతుంది.

ఒక హెచ్చరిక

'కాలనీ తీరు' అనే మాటను మనుషుల మీద వాడకూడదు. ఫలానా వాళ్ళకు అద్దెకివ్వొద్దు, మాంసం వండేవాళ్ళు వద్దు అని బోర్డులు పెట్టే చోట మనవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో మనకు తెలుసు. అదే పని మన మొహల్లాలో మనం చేయకూడదు. అద్దెకొచ్చిన బ్యాచిలర్ కుర్రాడు, బతుకుతెరువుకొచ్చిన వలస కుటుంబం, మూలమీద ఇస్త్రీ బండి, వీళ్ళెవరూ కాలనీ రూపు చెడగొట్టరు. 60 గజాల్లో ఇల్లు కట్టుకునే బీదవాడి దగ్గర మీటరు సెట్‌బ్యాక్ గురించి గట్టిగా మాట్లాడి, 600 గజాల్లో రూల్ తప్పిన పెద్దమనిషి దగ్గర నోరు మూసుకుంటే అది న్యాయం కాదు. అడగడం మొదలుపెట్టేది పెద్ద ప్లాటు నుంచే అయితే చిన్న ప్లాటువాడు కూడా వింటాడు.

స్లాబ్ పడిన తర్వాత మాట్లాడుకునేవి గొడవలే. మాట్లాడాల్సింది ముగ్గు పోసే ముందు. మీ గల్లీలో ఈ ఏడాది ఎవరైనా ఇల్లు మొదలుపెడుతుంటే ఈ వారమే వాళ్ళింటికెళ్ళి ఒక కప్పు చాయ్ తాగి ప్లాను చూపించమని అడగండి. మీరు కట్టే రోజు వస్తే మీ ప్లాను కూడా అలాగే చూపించండి.