బహుసమాధాన ప్రశ్నలు – మార్కుల న్యాయము



మన పల్నాటి గ్రామములనుండి ఏటేట పెక్కుమంది బాలబాలికలు ఇంజనీరింగు ప్రవేశపరీక్షలు వ్రాయుచున్నారు. ఐ.ఐ.టి.లకై జరుగు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డు పరీక్ష 2018వ సంవత్సరమునుండి పూర్తిగా కంప్యూటరుపైనే జరుగుచున్నది. మన రాష్ట్రపు ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఒకటే సరియైన సమాధానము. తప్పునకు కోత లేదు. అడ్వాన్స్‌డులోనైతే కొన్ని ప్రశ్నలకు ఒకటికంటె నెక్కువ సమాధానములు సరియైనవి కావచ్చును. “రెండు తెలిసియు మార్కులు పోయిన”వని పిల్లవాడనిన, సాకు చెప్పుచున్నాడని పెద్దలు కోపింతురు. ఆ మాట నిజమే కావచ్చును. ఎట్లో వినుడు.

“కృష్ణానదిపై కట్టబడిన వెవ్వి? శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల, ధవళేశ్వరము.” ఇందు మొదటి మూడును సరియైనవి, ధవళేశ్వరము గోదావరిపైనున్నది.

సరియైన గుర్తులను మాత్రమే లెక్కించితిమా, నాలుగింటిని కన్నులు మూసికొని గుర్తించినవాడును పూర్తి మార్కులు పొందును. ఎరిగినవాడు, ఎరుగనివాడు ఒక్కపంక్తిని గూర్చుందురు. ఇది న్యాయము కాదు.

రెండవ పద్ధతి గేట్ పరీక్షది. 2021నుండి అందు ఇట్టి ప్రశ్నలున్నవి. అన్నియు సరిగా గుర్తించిననే మార్కులు, లేనిచో సున్న. కోత లేదు. నాలుగింటినుండి ఒకటైనను ఎన్నుకొను విధములు 15, అందొక్కటే సరియైనది. కావున ఊహ ఫలించుట యరుదు. కాని రెండు తెలిసినవాడును, ఏమియు తెలియనివాడును సమానులే యగుదురు.

మూడవది అడ్వాన్స్‌డు పద్ధతి. 2024లో మన ప్రశ్నవంటిదానికి మూడును గుర్తించిన నాలుగు మార్కులు, సరియైనవి రెండే గుర్తించిన రెండు, ఒకటే యైన ఒకటి, విడిచిన సున్న; ఒక్క తప్పు చేరినను రెండు మార్కుల కోత. మన పిల్లవాడు తెలిసిన రెంటితో నాగియున్నచో రెండు వచ్చెడివి. ధవళేశ్వరమును గూడ గుర్తించుటచే రెండు పోయినవి. వ్యత్యాసము నాలుగు! తెలిసినదానికి ఫలము, తెగింపునకు కోత గలదు గనుక నాకీ పద్ధతియే మేలని తోచుచున్నది. అయితే నియమము ముందుగా విద్యార్థికి స్పష్టముగా దెలుపవలెను.

ప్రశ్న కూర్చువారికిని ధర్మము గలదు. ప్రతి సమాధానమును విడిగా నిర్ణయింపదగినదై యుండవలెను. “పైవన్నియు” అని చేర్చరాదు. పండితులు వాదించు విషయ మడుగరాదు. పల్నాటి యుద్ధమునకు కోడిపందెమే కారణమా యను ప్రశ్న రచ్చబండకు దగును గాని పరీక్షకు దగదు.

అడ్వాన్స్‌డు నిర్వాహకులు విద్యార్థి గుర్తించిన సమాధానములను, తాత్కాలికమైన సమాధానపట్టికను ప్రకటించి, ఆక్షేపణలు విని, పిమ్మట తుదిపట్టిక నిత్తురు. కావున మీ మనుమడు మార్కులు పోయినవని చెప్పినపుడు వెంటనే మందలింపకుడు. పట్టికను ముందుంచుకొని, “ఏది తెలిసి గుర్తించితివి? ఏది ఊహించితివి?” అని యడుగుడు. ఇరుపక్షములు వినక తీర్పు చెప్పు అలవాటు మీకు లేదు గదా!